గుంటలకు గుర్తుంది

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. చదువుకని విశాఖపట్నం వచ్చిన కొత్తలో "ఆ గుంట ఎటు పోయింది" అని అడిగితే గది మొత్తం నవ్వింది. గొయ్యి ఎక్కడికి పోతుందన్నారు. అప్పటి నుంచి ఆ మాటను నోట్లోనే అణుచుకున్నాను. ఇందుమతి మేడమ్ ల్యాబ్‌లో చేరి, మనిషి పేగు లోపలి పొరను మొదటిసారి మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు అది దానంతటదే బయటికి వచ్చేసింది.

ఆ పొర నున్నగా ఉండదు. మెత్తటి మడిలో వేళ్లతో పొడిచినట్టు అంతటా సన్నని గుంటలు. ఒక్కో గుంట అడుగున కొన్ని తల్లి కణాలుంటాయి. అవి పిల్లల్ని కంటూ పైకి తోస్తాయి. ఆ పిల్లలు నాలుగైదు రోజులు పని చేసి రాలిపోతాయి, వాటి చోట కొత్తవి వస్తాయి. మేడమ్ పుస్తకంలోని పేరు చెప్పారు. నేను గుంటలన్నాను. కొన్నాళ్లకు మేడమ్ కూడా గుంటలనే అనడం మొదలుపెట్టారు.

మేడమ్ కనిపెట్టింది వాటి సంగతే. పైకణాలు రాలిపోయినా, ఒకసారి వైరస్ వచ్చి వెళ్లిందంటే దాని రూపాన్ని అడుగునున్న తల్లి కణాలు మరిచిపోవు. ఎన్నేళ్లయినా సరే. జ్ఞాపకం ఉన్న గుంటల్ని తీసి పెంచి, జ్ఞాపకం లేని పేగులో నాటవచ్చు. గుంటలన్నాక ఆ పెంచేదాన్ని నారు అనడం ఎంతసేపు? ల్యాబ్‌లో అందరమూ నారు అనే అనేవాళ్లం.

ఆ రోజు నా ముందు రెండు పళ్లేలున్నాయి. ఒక్కో దానిలో ఆవగింజంత పేగు, జిగురులో పెంచింది. ఒకటి వార్డులో కొత్తగా చేరిన రోగిది. రెండోది పోల్చి చూడడానికి పెట్టుకున్నది, మా అమ్మది. రెండింట్లోనూ ఒకే వైరస్ వదిలాను.

అమ్మ పళ్లెంలో ఒక కణానికి వైరస్ పట్టింది. పట్టిన కణం ఆకుపచ్చగా వెలుగుతుంది, అలా రంగు కలుపుతాం. పట్టీ పట్టగానే అది కేక వేసింది. కేక అంటే శబ్దం కాదు, ఒక రసాయనం, ఇరుగుపొరుగు కణాలకు అందేది. పక్కనున్నవన్నీ ఒక్కసారిగా మేలుకుని, దాని చుట్టూ నడుములు బిగించి, కింద నుంచి పైకి నెట్టేశాయి. అది పొరలోంచి జారి పడిపోయింది. దానితో పాటు వైరస్సూ పోయింది.

రోగి పళ్లెంలో కేక లేదు. పట్టిన కణం పట్టినట్టే తన చోట కూర్చుంది. పక్కవి దాన్ని పక్కనే పెట్టుకున్నాయి. మధ్యాహ్నానికి ఆవగింజ మొత్తం పచ్చబడింది.

"ఈ పేగుకు ఏమీ తెలియదు మేడమ్," అన్నాను. "ఈ వైరస్ ముఖమే చూడలేదు."

"మంచిదేగా, నాటవచ్చు. మీ వైపు మనిషేనట, పలాస దగ్గర. కిడ్నీ మార్చారు. రిటైర్డ్ వార్డెన్. సోమలింగం గారని."

నేను పళ్లేలు రెండూ ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపు వేశాను. వేసిన చెయ్యి కాసేపు దాని మీదే ఉంది. లోపల ఆయన పేగు ఆవగింజంత ఉంది. వేడి రెండు గీతలు పెంచితే మాడిపోతుంది. కానీ మాడేది ఆవగింజే. నాకు అది చాలదు.

*

మా అమ్మ సన్యాసమ్మ ఒకప్పుడు మా ఊరి పక్కన బాలికల వసతి గృహంలో వంటమనిషి. నేనూ, చెల్లి పైడీ అక్కడే ఉండి చదువుకునేవాళ్లం. సోమలింగం గారు అక్కడ వార్డెన్. తెల్లచొక్కా, చేతిలో స్టీలు క్యారియరు. దాని మూత మీద చుక్కలు పొడిచి ఆయన పేరు రాసి ఉండేది. అన్నం ఇంటి నుంచి తెచ్చుకునేవారు. నీళ్లు కూడా ఇంటి నుంచే, మరచెంబులో. ఎండాకాలం ఒకసారి చెంబు ఖాళీ అయితే అమ్మ ట్యాంకు నీళ్లు గ్లాసుతో ముంచి ఇచ్చింది. ఆయన కాదనలేదు. గ్లాసు పట్టుకుని వరండా చివరిదాకా నడిచి, మందారం మొక్క మొదట్లో పోసి, ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మా పేట వాళ్లకు అడగక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఆ వానాకాలం అమ్మ ఆయనతో చెప్పింది. "మాస్టారూ, ట్యాంకు నీళ్లు వాసనొస్తన్నాయి. మరుగుదొడ్డి గొట్టం ఎక్కడో పగిలినట్టున్నాది."

"నీ ముక్కే వాసనేమో చూసుకో," అన్నారాయన. పక్కనున్న గుమాస్తా నవ్వాడు.

తరువాత వాంతులు, విరేచనాలు. గదులన్నీ పిల్లల మూలుగే. అమ్మ ఒక్కతే ఎత్తిపోసింది, కడిగింది, తుడిచింది, చివరికి తనూ పడి లేచింది. నాకు తగ్గింది. పైడికి తగ్గలేదు. కన్నయ్య మావ కూతురు లలితకూ తగ్గలేదు. ఇద్దరినీ ఒకే రోజు శ్మశానానికి పట్టుకుపోయారు.

విచారణకు వచ్చిన వాళ్ల ముందు సోమలింగం గారు ఒక్క మాటే చెప్పారు. "నీళ్లు నేనూ తాగాను. రోజూ తాగేవే. నాకేం కాలేదు. అన్నం మాత్రం ఆ రోజు తినలేదు, ఏకాదశి."

అంతే. నీళ్లు మంచివైపోయాయి. చెడ్డది అన్నం. అన్నం వండింది అమ్మ. ట్యాంకు కట్టించిన వాళ్లనీ, గొట్టం బాగు చేయించని వాళ్లనీ ఎవరూ ఏమీ అడగలేదు. పరీక్షకని అమ్మ గోళ్లు కత్తిరించి సీసాలో వేసి పట్టుకుపోయారు.

"తల్లి సేతి ముద్దే పిల్లని మింగీసినాది," అన్నాడు కన్నయ్య మావ, శ్మశానం నుంచి వస్తూ. పిల్లను పోగొట్టుకున్నవాడి మాట. ఊరు పట్టుకుంది. పేరంటాలకు అమ్మను పిలవడం మానేశారు. బోరింగు దగ్గర అమ్మ కొట్టాక ఒక బిందెడు పారబోసి పట్టుకునేవారు.

అమ్మ అప్పటి నుంచి పొయ్యి ముట్టలేదు. నాకు కూడా వండి పెట్టలేదు. చిన్నదాన్నే, నేనే వండేదాన్ని. ఆమె పలాస వెళ్లి జీడిపిక్కల పనిలో చేరింది. పిక్క కొడితే కారే నూనె చేతులు కాల్చి నల్లగా చేస్తుంది. మిగతా ఆడవాళ్లు బూడిద పూసుకునేవారు, నూనె రాసుకునేవారు. అమ్మ ఏదీ పూసుకునేది కాదు. కాలిపోనీ అన్నట్టుండేది.

ల్యాబ్‌లో చేరాక, మేడమ్‌కు అలాంటి జబ్బు పడి బతికిన వాళ్ల గుంటలు కావాలంటే నావీ అమ్మవీ ఇచ్చాం. వైరస్ ఒకరి నుంచి ఒకరికి పోయే కొద్దీ కొద్దికొద్దిగా రూపం మారుతుంది. నా గుంటలకు గుర్తున్నది ముందటి రూపం. అమ్మవాటికి గుర్తున్నది తరువాతిది. అంటే మాకు అమ్మ నుంచి రాలేదు. మమ్మల్ని కడిగితే అమ్మకు వచ్చింది. ఇది తెలిసిన రోజు నేను రైలెక్కి ఊరెళ్లి చెప్పాను.

అమ్మ విన్నది. "నీ యంత్రం సెప్పినాదని ఊరు నమ్ముతాదేటి?" అంది. తరువాత, "నాకే నమ్మబుద్ధవదు గుంటా. ఆ రోజు సేతులు కడుక్కున్నానో నేదో, ఎంత తలుసుకున్నా గుర్తు రాదు," అంది.

మా అమ్మకు కావలసింది నా పళ్లెం చెప్పే మాట కాదు. ఏ నోరు ఆమె చేతుల్ని చెడ్డవన్నదో మంచివన్న మాట ఆ నోటి నుంచే రావాలి.

*

మేడమ్ దగ్గర ఒక నియమం ఉంది. పళ్లెం ఒక సాక్షి, నోరు ఒక సాక్షి. రెండూ కలిస్తేనే నాటడం.

అనకాపల్లి నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు వల్ల వచ్చింది ఆ నియమం. ఆయన పళ్లెం ఖాళీ అంది, నాటేశాం. పేగు చాలా పొడవు. మేం గిల్లి తీసింది ఒక్క చోటి నుంచి. ఇంకో మూల ఆయనకు చిన్నప్పటి జ్ఞాపకం ఉంది, ఏదో పెళ్లి భోజనాల నాటిది. అడగలేదు కాబట్టి చెప్పలేదు. పాత జ్ఞాపకం, కొత్త జ్ఞాపకం ఒకదాన్నొకటి శత్రువనుకున్నాయి. పేగు మండిపోయి మనిషి పోయాడు. ఆయన భార్య ఖాళీ టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని బస్టాండుకు ఎటు వెళ్లాలని నన్నే అడిగింది. మేడమ్ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

సోమలింగం గారి మంచం దగ్గర మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను మాస్కుతో వెనక నిలబడ్డాను. తెల్లచొక్కా మనిషి ఎండిన కొమ్మలా ఉన్నారు. తిన్నది తిన్నట్టు పోతోంది. కిడ్నీ మార్చాక వేసుకునే మందులు ఒంటి కాపలాను నిద్రపుచ్చుతాయి. ఆ సందులో వైరస్ వచ్చి పేగులో కాపురం పెట్టింది. మందుల మత్తులో గుంటలు కొత్తగా ఏమీ నేర్చుకోలేవు. వాటికి పాత జ్ఞాపకం ఉంటేనే బతుకు.

"అయ్యా, మీరు పనిచేసిన హాస్టల్లో అతిసారం వచ్చింది కదా. ఇప్పుడు మీ పేగులో ఉన్నది ఆ జాతి వైరస్సే. అప్పుడు ఆ నీళ్లు మీరు తాగారా?"

ఆయన భార్య తలగడ సర్దుతోంది. బల్ల మీద అదే క్యారియరు. చుక్కల పేరు సగం అరిగిపోయింది.

"తాగానమ్మా. రోజూ తాగేవాణ్ణి. విచారణలోనూ చెప్పాను. నీళ్లలో దోషం లేదు. వంటమనిషికి శుభ్రత లేదు, ఆ జాతికి ఎంత చెప్పినా అంతే."

బయటికి వచ్చాక మేడమ్ గోడకు ఆనుకున్నారు. "పళ్లెం ఖాళీ అంటోంది. ఆయన రోజూ తాగానంటున్నాడు. అంటే ఎక్కడో దాగి ఉంది, మనకు దొరకలేదు. నాటలేం నీలవేణీ. ఇంకో అనకాపల్లి నా వల్ల కాదు."

ఆయన ఒక్క చుక్క కూడా తాగలేదని నాకు తెలుసు. చెప్పొచ్చు. చెప్పలేదు.

వారాలు గడిచాయి. రోజూ రక్తం తీయడానికి వెళ్లేదాన్ని. బరువు రాసేదాన్ని. ఆయన చేతి ఎముక నా వేళ్లకు తగిలేది. నా పని నేను తప్పు లేకుండా చేశాను, సూది కూడా నొప్పి లేకుండా గుచ్చాను. ఆయన ఒకసారి "నీ చెయ్యి మంచిదమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు తల నుంచి కాళ్ల దాకా మండింది. ఆ రోజే మాస్కు దించాను.

"నేను సన్యాసమ్మ కూతుర్ని మాస్టారూ. వంటమనిషి సన్యాసమ్మ. పైడి మా చెల్లి."

ఆయన నన్ను చూసి, గుమ్మం వైపు చూశారు. భార్య మందుల కోసం కిందికి వెళ్లింది.

"ఎప్పటి మాటలమ్మా అవి. పోయినవాళ్లు పోయారు. చదువుకున్నదానివి, కడుపులో పెట్టుకో."

"మా కడుపులోనే ఉంది మాస్టారూ, ఇన్నాళ్లూ. మీ కడుపులోనే లేదు. పరీక్ష చేసి చూశాను. మీరు ఆ నీళ్లు తాగలేదు."

ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు.

"తాగలేదని ఒప్పుకుంటే మందు ఉంది. తాగానంటే లేదు."

"బెదిరిస్తున్నావా?"

"లేదండి. మేడమ్ అడిగిందే అడుగుతున్నాను. కాకపోతే మేడమ్ ఒక్కరికే చెబితే నేను ఊరుకోను. కన్నయ్య మావ ముందు చెప్పాలి."

"చావనైనా చస్తాను గానీ ఆ మనిషి ముందు..." అని ఆగిపోయారు. దగ్గు వచ్చింది. నేను నీళ్ల గ్లాసు అందించాను. చాలాసేపు దానివైపు చూసి, తాగారు. ఆ గదిలో మందారం మొక్క లేదు.

*

నా మాటలు ఆయన నోట విని, భార్య వెళ్లి మేడమ్‌కు చెప్పింది. మేడమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఆయన తాగలేదని నీకు తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచి."

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మనిషి కళ్ల ముందు కరిగిపోతుంటే బరువు రాస్తూ కూర్చున్నావా? ఇది ల్యాబ్ నీలవేణీ, కోర్టు కాదు."

"కోర్టులో పళ్లేలుండవు మేడమ్. అప్పుడు ఆయన మాటే సాక్ష్యమైంది. ఇప్పుడు నేను చెప్పినా మీరు నాటేవారా? నోరు రెండో సాక్షి అన్నది మీరే. ఆ నోరు నాది కాదు, ఆయనది."

మేడమ్ కళ్లద్దాలు తిరిగి పెట్టుకున్నారు. "రేపటి నుంచి ఆ వార్డుకు వెళ్లకు," అన్నారు చివరికి. తరువాత గొంతు తగ్గించి, "ఆయన ఒప్పుకున్నా ఇంకో చిక్కుంది. ఆయనలో ఉన్న రూపానికి సరిపడే నారు ఒక్కటే ఉంది. మీ అమ్మది. ఆమెను అడగకుండా వాడను. వెళ్లి అడుగు. సరిగ్గా అడుగు."

*

నేను సరిగ్గా అడగడానికి వెళ్లలేదు. వద్దనిపించడానికి వెళ్లాను.

అమ్మ పని నుంచి వస్తూ బస్టాండు హోటల్లో నాకు ఇడ్లీ కట్టించుకొచ్చింది. ఎప్పుడు వెళ్లినా అంతే. పొట్లం నా ముందు విప్పకుండా పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

మొత్తం చెప్పాను. ఆయన రావడం, ఖాళీ పేగు, రోజూ తాగానన్న మాట.

"మందారం మొక్కకు పోసినారు గదా," అంది అమ్మ.

"అదే. నీ గుంటలు నాటితేగాని బతకడు. నీ ఇష్టం లేకుండా ఎవరూ తీసుకోరు. ఇవ్వనని చెప్పమ్మా. ఒక్క మాట. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

అమ్మ పొయ్యి వైపు చూసింది. నేను చదువుకు వెళ్లిపోయినప్పటి నుంచి అందులో పాత బట్టల మూట ఉంటుంది.

"సచ్చిపోతే ఏటొస్తాది? మంచోడు పోనాడని ఊళ్లో బోర్డు కడతారు. నా సేతులు ఇలగే ఉంటాయి."

"మరి బతికితే ఏం వస్తుంది?"

"ఆ నాటినవి ఎన్నాళ్లుంటాయే?" అంది.

"ఆయన బతికినన్నాళ్లూ. ఆయనవి పోతున్న కొద్దీ నీవి పరుచుకుంటాయి. కొన్నాళ్లకు పేగు లోపల చాలావరకు నీదే అవుతుంది."

"ఆయన తిన్నదల్లా దాని మీంచే పోవాలేటి?"

"అవును. ప్రతి మెతుకూ."

అమ్మ తన చేతులు రెండూ ముందుకు తెచ్చుకుని చూసుకుంది. తరువాత నవ్వింది. పైడి పోయాక నేను ఆ నవ్వు వినలేదు. అది మంచి నవ్వు కాదు. ఆకలి మీద ఉన్నవాళ్లు విస్తరి చూసి నవ్వే నవ్వు.

"అయితే ఇత్తాను," అంది. "కన్నయ్యని తీసుకెళ్దాం. టికెట్టు నానెడతాను."

*

కన్నయ్య మావ ఆసుపత్రి గచ్చు మీద చెప్పులు విప్పి నడిచాడు. దారంతా రైల్లో అమ్మకు ఎదురు సీటులో కూర్చుని కిటికీలోంచే చూశాడు, ఒక్క మాట కలపలేదు. ఎందుకు రమ్మన్నామో నేనూ చెప్పలేదు. లలిత సంగతి అన్నాను, అంతే.

నేను వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపలికి వెళ్లొద్దన్నారు కాబట్టి వెళ్లలేదు. మేడమ్ ఒక పక్క, నిజం చెప్పమని ఇన్నాళ్లూ ఆయన్ని బతిమాలిన భార్య ఒక పక్క.

"మళ్లీ అడుగుతున్నాను," అన్నారు మేడమ్. "ఆ నీళ్లు తాగారా?"

సోమలింగం గారు కన్నయ్య మావను చూశారు, అమ్మను చూడలేదు. "లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు. ఇంటి నుంచి తెచ్చుకునేవాణ్ణి."

కన్నయ్య మావకు ముందు అర్థం కాలేదు. "నీళ్లు తాగినాను, నాకేటీ అవలేదన్నారు గదా మాస్టారూ. నాను పక్కనే ఉన్నాను. నా సెవులతో విన్నాను."

"అన్నాను."

"తాగకుండా ఏల అన్నారు?"

అమ్మ మంచం దగ్గరికి నడిచింది.

"నాను ముంచిన నీళ్లు కదేటి, ఎలా తాగుతారు," అంది. గొంతులో కోపం లేదు. బోరింగు దగ్గర వరస అడిగినట్టు అడిగింది. "మాస్టారూ, నన్ను సూడండి. నీళ్లు వాసనొస్తన్నాయని మీకు సెప్పినానా, నేదా?"

మేడమ్ ముందుకు వంగారు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

"చెప్పావు," అన్నారు.

కన్నయ్య మావ గోడ వారన నేల మీద కూర్చుండిపోయాడు. కుర్చీ ఉంది, అటు చూడలేదు. తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏదో అంటున్నాడు. గుమ్మం దగ్గర నుంచే చెవి ఒగ్గితే వినిపించింది. "బిందెలు పారబోయించినాను... బిందెలు..."

"లే కన్నయ్యా," అంది అమ్మ, అటు తిరగకుండానే.

సోమలింగం గారు మంచం మీద నుంచి చేతులు జోడించారు. "తప్పైపోయింది సన్యాసమ్మా. కడుపులో పెట్టుకో."

"నానెందుకండీ," అంది అమ్మ. "ఇన్నాళ్లూ ఎట్టుకున్నాను, సాలు. ఇంక మీరే నన్ను కడుపులో ఎట్టుకోవాల."

ఆయనకు ఆ మాట ఎప్పుడు అర్థమైందో నేను గుమ్మం దగ్గర నుంచి చూశాను. జోడించిన చేతులు విడిపోయి పొట్ట మీద పడ్డాయి. మేడమ్ వైపు తిరిగి, "ఆ నారు... ఎవరిది?" అన్నారు.

మేడమ్ అబద్ధం చెప్పరు. "ఈమెదే. వద్దంటే మానేద్దాం. మీ ఇష్టం."

ఆయన భార్యే ముందుకు వచ్చి అంది. "నాటండమ్మా. ఆయన్ని అడగొద్దు." కానీ మేడమ్ ఆయన నోటి నుంచి వినేదాకా కదల్లేదు. సరేనన్నారు. చాలా చిన్నగా.

*

నారు పట్టింది. నెల తిరిగేసరికి ఆయన పేగులో నుంచి మళ్లీ గిల్లి తీసి పళ్లెంలో పెంచారు. వార్డుకు వెళ్లొద్దన్నారు గానీ మైక్రోస్కోప్ చూడొద్దనలేదు. వైరస్ వదలగానే ఒక కణం కేక వేసింది. పక్కవి మేలుకున్నాయి, బిగించాయి, నెట్టేశాయి. ఆ పని తీరు నాకు తెలుసు. పేరు చూడకుండానే చెప్పగలను ఎవరివో.

నోటితో మొదటి ఆహారం గంజి. ఆసుపత్రి వంటగదిలో కాస్తారు. మేడమ్ నన్ను పిలిచి, "మీ అమ్మ కాస్తానంటోంది. నువ్వు చెప్పమన్నావా?" అన్నారు.

"లేదు మేడమ్. నాకు తెలియదు."

మేడమ్ తన గదిలోని స్టవ్వు ఇచ్చారు. ఆ పూటకు వార్డులోకి నన్ను కూడా రమ్మన్నారు.

అమ్మ సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. బియ్యం కడిగి, ఎసరు పెట్టి, పొంగు వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. గరిటె పట్టుకోవడం మరిచిపోయినట్టు వేళ్లు ముందు తడబడ్డాయి, తరువాత కుదురుకున్నాయి. కన్నయ్య మావ ఊళ్లో అందరికీ చెప్పాడట. ఎవరెవరు వచ్చి ఏమన్నారో అమ్మ నాతో చెప్పలేదు. బోరింగు దగ్గర ఇప్పుడు ఎవరూ పారబోయడం లేదని మాత్రం అంది.

వార్డులో ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నారు. బుగ్గల్లో కాస్త రంగు వచ్చింది. బల్ల మీద క్యారియరు ఖాళీగా ఉంది. అమ్మ దాని గిన్నె తీసి, అందులోనే గంజి వంచింది. నల్లని చేతులతో అందించింది.

ఆయన గిన్నె పట్టుకున్నారు. తాగలేదు. అమ్మ చేతుల్ని చూస్తున్నారు.

"తాగండి మాస్టారూ," అంది అమ్మ. "తాగకపోనా ఒకటే. రేపు ఇంటికెళ్లి మీ ఆవిడ సేతిది తిన్నా, పెళ్లిలో తిన్నా, ఏకాదశి పారణ సేసినా ఒకటే. తినీది మీరు. అరిగించీది నాను."

ఆయన కళ్లు మూసుకుని గిన్నె ఎత్తారు. గుటక గుటకకూ కంఠం కదిలింది. అది దిగే దారి నాకు తెలుసు, ఎక్కడ ఎవరి గుంటలున్నాయో కూడా తెలుసు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అమ్మ ఆ కంఠం మీద నుంచి చూపు తీయలేదు.

తరువాత మిగిలిన గంజి క్యారియరు మూతలో పోసి నా వైపు తిరిగింది. అరిగిన చుక్కల పేరు అమ్మ అరచేతి మీదికి వచ్చింది.

"ఇదిగో గుంటా. నువ్వూ తాగు."

పైడి పోయాక అమ్మ నా చేతికి అందించిన మొదటి ముద్ద అది. ఉప్పు బాగా ఎక్కువైంది. చెయ్యి అలవాటు తప్పింది కదా. ఆయన ఏమీ అనలేదు. నేనూ అనలేదు.